బంగారు గనుల సీమలో పెరటి మడి

ఇంటి వెనక నాలుగు పాదులు, రెండు మడులు వేసుకుందామని కొత్తగా అనుకుంటున్న వారి కోసం ఈ ప్రసంగం. కోలారు జిల్లాలో, అందులోనూ బంగారు గనుల ప్రాంతంలో ఈ పని మొదలుపెట్టేవారు విత్తనాల పొట్లం కొనకముందే రెండు ప్రశ్నలు వేసుకోవాలి. నా పెరట్లో ఉన్న మట్టి ఎక్కడిది? నేను పోయబోయే నీళ్ళు ఎక్కడివి? గోదావరి ఒడ్డున ఇల్లు కట్టుకున్నవారికి ఈ ప్రశ్నలు అవసరం లేదేమో. మనకు అవసరం. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

కోలారు సీమకు ఏడాది పొడుగునా పారే ఏరు లేదు. పాలారు, పెన్నేరు, దక్షిణ పినాకిని మూడూ నంది కొండల చుట్టుపక్కల ఈ ఎత్తు నేల మీదే పుడతాయి. కానీ ఆడపిల్లల్లాగా పుట్టింట్లో చిన్నగా ఉండి, అత్తింటికి పోయాక పెద్దవవుతాయి. పాలారు వేలూరు వైపు, పెన్నేరు నెల్లూరు వైపు, దక్షిణ పినాకిని కడలూరు వైపు వెళ్ళిపోతాయి. మనకు మిగిలేది వాన. అది ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్లు, అదీ రెండు మూడు నెలల్లో పడి వెళ్ళిపోయే వాన. అందుకే పెద్దలు ప్రతి వాగుకూ కట్ట వేశారు. చిక్కబళ్ళాపురం విడిపోకముందు, అంటే 2007కు ముందున్న పాత కోలారు జిల్లాలో నాలుగు వేలకు పైగా చెరువులు ఉండేవి. ఒక చెరువు నిండి అలుగు పారితే ఆ నీళ్ళు కింది చెరువులోకి, అది నిండితే ఇంకా కింది దానిలోకి పోతాయి. ఒకచోట వాడిన నీటినే మరొకచోట మళ్ళీ వాడుకోవడం అన్న ఆలోచన ఈ గొలుసులోనే ఉంది.

చెరువు కింద వరి, చెరుకు. మెట్ట మీద రాగి. కపిల బావి ఉన్న రైతుకు కొంచెం కూరగాయల తోట. మరి బావి లేని ఇంట్లో కూర ఎక్కడ పండేది? జాలారి దగ్గర. స్నానం చేసిన నీళ్ళు, అంట్లు తోమిన నీళ్ళు బయటికి పోయే చోటును మన పల్లెల్లో జాలారి అంటారు. అక్కడ రెండు అరటి చెట్లు, పక్కన చేమ దుంపలు, కంపకు అల్లుకున్న కాకర పాదు, ఇంకొంచెం దూరంగా కరివేపాకు, ములగ. ఎండాకాలంలో బిందె నెత్తిన పెట్టుకుని మైలు దూరం నడిచి నీళ్ళు తెచ్చుకున్న ఇల్లాలు చెట్టుకని ప్రత్యేకంగా ఒక చెంబెడు కూడా పోసేది కాదు. అయినా చెట్టు బతికేది. ఒంటికి రుద్దుకున్నది సీకాయ, శనగపిండి. అంట్లకు వాడింది బూడిద, చింతపండు. ఇవేవీ మట్టికి చేటు చేసేవి కావు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

ఇక రాగి చేను. చేనంటే ఒక్క రాగేనని అనుకోకండి. సాళ్ళ మధ్య అనప, జొన్న, ఆవాలు, గట్టున ఆముదం. ఆ రాగి మధ్య తనంతట తానే మొలిచేవి చెంచలాకు, గురుగాకు, కామంచి, తోటకూరలో రకరకాలు. కలుపు తీసే ఆడవాళ్ళు ఒడిలో వేసుకుని ఇంటికి తెచ్చి, పది రకాల ఆకు కలిపి ఉడికించి, తెల్లగడ్డ, ఎండుమిరపకాయ వేసి ఎనిపి, రాగి ముద్దకు నంజుగా పెట్టేవారు. కన్నడంలో బెరకె సొప్పు అన్నది ఇదే. తెలుగులో కలగూర. కలగూరగంప అన్న మాటను మనం ఇప్పుడు చిందరవందరగా ఉన్నదానికి వాడుతున్నాం. పాపం, అది మొదట ఎంతో తెలివిగా ఏరి నింపిన గంప! 1876 నుంచి 1878 దాకా వచ్చిన కరువును మన పెద్దలు ధాత కరువు అన్నారు. మైసూరు సంస్థానంలో లక్షలాది మంది ప్రాణాలు తీసిన ఆ కరువు కోలారు మీద మరీ దెబ్బ కొట్టింది. పంట పోయినచోట ఏ ఆకు తినవచ్చో, ఏది తినకూడదో తెలియడమే ప్రాణానికి ఆధారమయ్యే కాలం అది.

సరిగ్గా ఆ రోజుల్లోనే బంగారం కథ మొదలైంది. మారికుప్పం చుట్టుపక్కల మట్టిలో బంగారం ఉందని 1802లోనే జాన్ వారెన్ అనే సైనికాధికారి రాసిపెట్టాడు. 1870లలో మైఖేల్ లావెల్ తవ్వకానికి అనుమతి సంపాదించాడు. 1880లో జాన్ టేలర్ కంపెనీ రంగంలోకి దిగింది. ఆ తరవాత అంతా పరుగే. చిత్తూరు, ఉత్తర ఆర్కాడు, సేలం వైపుల నుంచి, మన ముళబాగిలు పల్లెల నుంచి జనం వచ్చారు. 1891లో ఏడు వేలకు అటూఇటూగా ఉన్న గనుల జనాభా 1901 నాటికి 38 వేలు దాటింది. 1894లో బంగారుపేట నుంచి రైలు వచ్చింది. 1902లో కావేరి మీది శివసముద్రం నుంచి దాదాపు 150 కిలోమీటర్ల తీగ లాగి కరెంటు తెచ్చారు. ఆ కరెంటు గురించి అందరూ గొప్పగా చెబుతారు. నాకు మాత్రం ఆ ఊరి అసలు అద్భుతం నీళ్ళేనని అనిపిస్తుంది. రాళ్ళ గుట్ట మీద వేలాది జనం తాగాలి, పైగా రాయిని పొడి చేసే మిల్లులకూ నీళ్ళు కావాలి. ఎక్కడి నుంచి తేవాలి?

పాలారు మీద బేతమంగళం చెరువు ఉంది. శాసనాల్లో ఆ ఊరి పేరు విజయాదిత్యమంగళం. బాణ రాజుల కాలం నాటి ఊరు. వెయ్యేళ్ళుగా పొలాలు తడిపిన ఆ చెరువు నీళ్ళను 1900ల తొలి ఏళ్ళలో వడగట్టి, పంపులతో ఎత్తి, గొట్టాల్లో గనులకు చేర్చారు. బంగారు గనుల్లో ఇంటి తోట అనేది ఏదైనా పెరిగిందంటే, అది బేతమంగళం నీళ్ళు తాగి పెరిగిందే.

అయితే ఆ నీళ్ళు అందరికీ ఒక్కలాగే అందలేదు. గని అధికారుల బంగళాలకు చుట్టూ విశాలమైన ఆవరణ, అందులో కొళాయి, మొక్కలు చూసుకోవడానికి తోటమాలి. ఎత్తు ప్రదేశం, చల్లటి గాలి, క్లబ్బు, గోల్ఫు మైదానం. చిన్న ఇంగ్లండు అని ఊరికే పేరు రాలేదు. కూలీల లైన్లలో ఇళ్ళు మొదట వెదురు తట్టీలతో కట్టినవి, ఒకదానికొకటి ఆనుకుని ఉండేవి. వీధికొక కొళాయి, దాని ముందు బిందెల వరస. ఒకే చెరువు నీళ్ళు ఒకచోట గులాబీ మొక్కకు, ఇంకోచోట నలుగురు పిల్లల దాహానికి. బంగారు గనుల పాత బంగళా తోటల ఫోటోలు చూసి మురిసిపోయేవారు ఈ రెండో వరసను కూడా చూడాలి. లైన్లలో తోటకు చోటు లేదు. ఉన్నదల్లా గుమ్మం పక్కన మూరెడు నేల. తులసి, కరివేపాకు, ఒక ములగ చెట్టు, పాత డబ్బాలో పుదీనా. దానికి దిక్కు మళ్ళీ వాడిన నీళ్ళే.

బంగళా తోటల కూరగాయలకు విత్తనమూ విద్యా బెంగళూరు వైపు నుంచి వచ్చాయి. హైదరాలీ 1760లో మొదలుపెట్టిన లాల్‌బాగ్ 1856లో ప్రభుత్వ ఉద్యానవనమయింది. 1874 నుంచి 1908 దాకా దాన్ని చూసిన జాన్ కామెరాన్ ఎన్నో పరదేశపు మొక్కలను ఇక్కడి నేలకు అలవాటు చేశాడు. సీమ వంకాయ వాటిలో ఒకటి. ఆంధ్రలో దీన్ని బెంగళూరు వంకాయ అంటారు, కానీ అది బెంగళూరుదీ కాదు, వంకాయా కాదు. మెక్సికో వైపు పుట్టిన తీగ. దీనికొక వింత గుణం ఉంది. కాయలో ఒకే గింజ, దాన్ని విడదీసి ఎండబెడితే చచ్చిపోతుంది. కాయకు కాయే మొలకెత్తాలి, కాయకు కాయే నాటాలి. అంటే సముద్రాలు దాటి వచ్చినప్పుడు పొట్లంలో విత్తనంగా కాదు, బతికున్న కాయగానో మొక్కగానో వచ్చి ఉండాలి. ఇవాళ మీ వంటింటి బుట్టలో మూల పడి మొలక వచ్చిన సీమ వంకాయ ఉంటే పారెయ్యకండి. మొలక వైపు పైకి కనబడేలా, ఏటవాలుగా సగం దాకా పాతి, పందిరి వెయ్యండి. నీడా చల్లదనమూ ఉంటే పందిరంతా కమ్ముకుంటుంది.

కోసు, క్యారెట్టు, బీట్‌రూటు, నూల్‌కోలు, బీన్సు - వీటిని ఇప్పటికీ ఇంగ్లీషు కూరగాయలని పిలిచే పెద్దలున్నారు. దండు ప్రాంతంలోని తెల్లవారి కోసం బెంగళూరు చుట్టూ పండించడం మొదలై, మెల్లగా మనవాళ్ళ పొలాల్లోకీ పళ్ళేల్లోకీ దిగాయి. ఉర్లగడ్డ మాలూరు వైపు పెద్ద పంటయింది. టమాటా సంగతి చెప్పనక్కర లేదు. కోలారు మార్కెట్టు పేరు దేశమంతటా తెలుసు. చిత్తూరు సరిహద్దులో తక్కాళి అనీ, కోస్తాలో రామములగ అనీ పిలిచిన ఈ పరదేశి కాయ లేకుండా ఇప్పుడు చారు కాచేవారు తక్కువ. లారీలకు లారీలు పంపే జిల్లాలోనే 2023 జూలైలో 15 కిలోల పెట్టె ధర రెండు వేల రూపాయలు దాటింది. పండే చోట ఉన్నాం కదా, మనకు చవకే అనుకోవడానికి వీల్లేదు.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ విద్య పెద్ద తోటల నుంచి చిన్న రైతుకు చేరడంలో ఒక పేరు తప్పక చెప్పాలి. ఎం. హెచ్. మరిగౌడ. లాల్‌బాగ్ నడిపిన ఆయన చొరవతోనే రాష్ట్రంలో 1960లలో తోటల శాఖ వేరుగా నిలదొక్కుకుని, తాలూకాల్లో నర్సరీలు వచ్చాయి. తరవాత హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ నుంచి అర్క అనే పేరుతో రకాలు వచ్చాయి. పల్లాకు తెగులును తట్టుకునే అర్క అనామిక బెండ, మళ్ళీ మళ్ళీ కోసుకోవడానికి వీలైన అర్క సుగుణ తోటకూర కొత్తగా మొదలుపెట్టేవారికి బాగా పనికొస్తాయి.

ఇప్పుడు మట్టి ప్రశ్న. బంగారు రాయిని పిండిలా నూరి, 1890ల నుంచి సైనైడు నీళ్ళతో బంగారాన్ని కరిగించి తీసేవారు. మిగిలిన బూడిద రంగు పొడిని బయట పోశారు. నూటఇరవై ఏళ్ళలో తీసిన బంగారం దాదాపు 800 టన్నులయితే, బయట మిగిలిన పొడి మూడు కోట్ల టన్నులకు పైమాటే. ఊళ్ళో సైనైడు దిబ్బలు అని పిలిచేది వీటినే. 1956లో గనులు ప్రభుత్వం చేతికి వచ్చాయి, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ అయ్యాయి, 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. బంగారం వెళ్ళిపోయింది, దిబ్బలు మిగిలాయి. చాలామంది జనమూ మిగిలారు. గని జీతం పోయి, తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరుకు పనికి పోయి రాత్రికి తిరిగివచ్చే ఇళ్ళలో ఆకుకూర కట్ట ధర కూడా లెక్కలోకి వస్తుంది. ఇంటి తోట అవసరం అక్కడే ఎక్కువ. జాగ్రత్త అవసరమూ అక్కడే ఎక్కువ.

దిబ్బ పేరులో సైనైడు ఉన్నా, అసలు సమస్య ఒక్క సైనైడే కాదు. ఎండకూ గాలికీ సైనైడు కాలక్రమంలో విరిగిపోతుంది. విరగనివి రాతిలోంచి వచ్చిన లోహాలు. రాతిలోని గంధకపు ఖనిజాలు వాన నీటితో కలిసి పులిసి ఆమ్లమవుతాయి. అటువంటి మట్టిలో మొక్క సరిగా వేరూనదు. గాలి రోజుల్లో ఆ మెత్తని పొడి లేచి ఇళ్ళ మీద, ఆకుల మీద పడుతుంది. అందుచేత దిబ్బలకు దగ్గరగా ఉన్నవారు ఈ నాలుగు మాటలు పట్టించుకోవాలి. దిబ్బ మట్టిని, ఇసుకలా ఉందని చెప్పి, కుండీల్లో కలపవద్దు. ఇల్లు కట్టినప్పుడు ఆవరణ నింపడానికి తెచ్చిన మట్టి ఎక్కడిదో పెద్దవాళ్ళను అడగండి. తెలియకపోతే ఆ నేలలో నేరుగా విత్తకండి. పైన అడుగు ఎత్తు మడి కట్టుకోండి, లేదా సంచులు, తొట్లు పెట్టుకోండి. ఊరికి దూరంగా ఉన్న పొలాల ఎర్రమట్టి రెండు పాళ్ళు, మాగిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు కలిపితే చాలు.

ఇంకొక సంగతి. మట్టిలోని లోహాలను ఆకుకూరలూ దుంపలూ ఎక్కువగా పీల్చుకుంటాయి, కాయలు తక్కువ. అనుమానమున్న నేలలో ముల్లంగి, పాలకూర వద్దు. బెండ, వంగ, చిక్కుడు కొంత మేలు. ఆకుకూరలను మాత్రం తెచ్చిన మట్టిలోనే వేసి, కోశాక మూడు నీళ్ళు పోసి కడగండి. కోలారు దగ్గర టమకలో తోటల కళాశాల, కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. మట్టి పరీక్ష గురించి అక్కడ విచారించండి. మామూలు పరీక్షలో చూసేది పులుపు, ఉప్పు, ఎరువు సత్తువ మాత్రమే. లోహాల పరీక్ష కావాలంటే ప్రత్యేకంగా అడగాలి.

రెండో ప్రశ్న, నీళ్ళు. 1980ల తరవాత బోర్లు వచ్చి, నూరడుగుల్లో దొరికిన నీళ్ళు వెయ్యి అడుగులు దాటి పోయాయి. చెరువులు ఎండాయి, కపిల బావులు పూడాయి. 2018లో బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి గొట్టాల్లో కోలారు చెరువులకు వదలడం మొదలుపెట్టారు. మొదట నిండింది లక్ష్మీసాగరం చెరువు. రోజుకు 44 కోట్ల లీటర్లు, 126 చెరువులు అన్నది లక్ష్యం. నురగ కనిపించింది, తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, తరవాత పథకం కొనసాగింది. ఎండిన బావుల్లో నీళ్ళు ఊరాయని సంతోషించే రైతులున్నారు, శుద్ధి ఇంకా ఒక మెట్టు పైకి పోవాలని వాదించేవారూ ఉన్నారు. నాకు ఇద్దరి మాటలోనూ న్యాయం కనిపిస్తుంది. ఆ నీళ్ళు భూమిలోకి ఇంకి బావిలో ఊరడానికి ఉద్దేశించినవి. చెరువు నుంచి నేరుగా తెచ్చి పచ్చిగా తినే ఆకు మీద పోయడానికి కాదు. చెరువు మట్టి తెచ్చుకునేవారు కూడా ఆ చెరువులోకి ఏ నీళ్ళు వస్తున్నాయో అడిగి తెచ్చుకోవాలి.

మన ఇంటి జాలారికీ ఇదే లెక్క. బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్ళు ఏ మొక్కకైనా మంచివే. రోజూ ఒక బకెట్టు పక్కన పెడితే పది కుండీలు బతుకుతాయి. కొంచెం సబ్బు కలిసిన స్నానపు నీళ్ళు అరటికి, ములగకు, కరివేపాకుకు మొదట్లో పోయవచ్చు. బట్టల పొడి కలిసిన నీళ్ళు మాత్రం వద్దు. మన అవ్వల కాలం సీకాయ నీళ్ళకూ ఈ నీళ్ళకూ పోలిక లేదు. ఇందులోని సోడియం ఉప్పు చేరిచేరి మట్టి గట్టిపడి, నీరు ఇంకక, ఆకు అంచులు మాడతాయి. ఇక కొత్తిమీర, పుదీనా లాంటి పచ్చిగా తినేవాటికి స్నానపు నీళ్ళు కూడా పోయకండి.

మొదటి ఏడాది ఎక్కువ ఆశకు పోవద్దు. మెంతికూర మూడు నాలుగు వారాల్లో చేతికి వస్తుంది. తోటకూర నెల రోజులు. ధనియాలను చెప్పు కింద మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి, ఒక రాత్రి నానబెట్టి చల్లండి. మొలక రావడానికి పది రోజులు పట్టినా కంగారుపడి తవ్వి చూడకండి. పుదీనాకు విత్తనం అక్కర లేదు, వంటకు తెచ్చిన కట్టలో ముదురు కాడలు గుచ్చితే చాలు. వంగ మొక్కకు పేను పడితే పొద్దున్నే మంచు తడి మీద కట్టెల బూడిద చల్లండి. గోడ పక్కన చారెడు చోటు మిగిలితే ఆషాఢ శ్రావణాల్లో నాలుగు అనప గింజలు పాతి, పైకి పాకడానికి కంప వెయ్యండి. పుష్య మాసపు చలికి, సంక్రాంతి నాటికి, పితికిపప్పు పులుసుకు సరిపడా కాయలు దిగుతాయి.